కప్పేసే ముందు చూడండి: నిర్మాణ ప్రాజెక్టును మొదటి నుంచి చివరి దాకా నడిపించడం ఎలా?

స్లాబు పోసిన మర్నాడు సైటుకు వెళ్లి, పైకెక్కి, మరుగుదొడ్డి రావాల్సిన చోట నిలబడ్డాను. కిందికి దిగాల్సిన గొట్టానికి రంధ్రం వదల్లేదు. డ్రాయింగులో ఉంది. చెప్పానని ప్లంబరు అన్నాడు, తన చెవిన పడలేదని సెంట్రింగ్ మేస్త్రీ అన్నాడు. ముందురోజు సాయంత్రం నేను కడ్డీలు లెక్కపెట్టానే తప్ప గొట్టాలు లెక్కపెట్టలేదు. ఆ ఒక్క రంధ్రం కోసం కోత యంత్రం తెప్పించి, దారిలో ఏ కడ్డీ తెగుతుందోనని స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి, ఆయన వచ్చి చూసేదాకా చేతులు కట్టుకుని కూర్చుని, నాలుగు రోజులు పోగొట్టుకున్నాం. కాంక్రీటు పడకముందు అయితే అది పది నిమిషాల పని.

నిర్మాణంలో ప్రతి దశా తన ముందు దశను కప్పేస్తుంది. నేలను పునాది కప్పేస్తుంది, కడ్డీలను కాంక్రీటు, గొట్టాలను ప్లాస్టరింగ్, నీటి నిరోధక పూతను టైల్స్. నోటిమాటగా కుదిరిన ఒప్పందాన్ని మరుపు కప్పేస్తుంది. రేపు కంటికి కనిపించకుండా పోయేదేదో ఈరోజే గుర్తించి, చూసి, రాసిపెట్టుకుని, ఆ తర్వాతే కప్పనివ్వడం ప్రాజెక్టు నడిపేవారి అసలు పని. మిగతా సంగతులన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. రెండు గదుల ఇల్లయినా పది అంతస్తుల భవనమైనా వరస ఇదే, కాగితాల మందం మాత్రం మారుతుంది.

1. ఏం కట్టాలో ముందు కాగితం మీద తేల్చుకోండి

యజమాని మనసులో ఉన్న భవనం, ఆర్కిటెక్టు గీసిన భవనం, కాంట్రాక్టరు లెక్కగట్టిన భవనం ఒకటే కావాలి. చాలా ప్రాజెక్టుల్లో అవి మూడు వేర్వేరు భవనాలని సగం పని అయ్యాక తెలుస్తుంది. అందుకే తొలి పత్రం రెండు మూడు పేజీలు మించకుండా ఇలా ఉండాలి: భవనం ఎవరికోసం, ఎంతమంది వాడతారు, ఏయే గదులు ఎంతెంత, ఏ తేదీకి కావాలి, ఎంతలో కావాలి. ఈ మూడింటిలో (పరిమాణం, గడువు, ఖర్చు) తప్పనిసరైతే దేన్ని వదులుకుంటారో కూడా అందులోనే రాయించండి. ఏదీ వదులుకోనని యజమాని అంటే, చివరికి నాణ్యత చడీచప్పుడు లేకుండా తగ్గిపోతుంది.

ఈ ప్రాజెక్టులో లేనివేమిటో కూడా రాయండి. ప్రహరీ గోడ ఉందా? బయటి దారి, బోరు, అల్మారాలు, దీపాలు? గొడవలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

గీతలు పూర్తికాకుండా తవ్వకం మొదలుపెట్టడం ఎంత ఖరీదైన తొందరో సిడ్నీ ఒపేరా హౌస్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1959లో పని మొదలయ్యేనాటికి ఆ గవ్వల్లాంటి పైకప్పులను ఎలా నిలబెట్టాలో తేలలేదు. అయినా కింది వేదిక కట్టేశారు. తీరా పైకప్పు లెక్క తేలాక, ఆ బరువుకు కింది స్తంభాలు చాలవని వాటిని మళ్లీ కట్టాల్సి వచ్చింది. 1963లో ముగియాల్సినది 1973లో ముగిసింది. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల అంచనా 10.2 కోట్లకు చేరింది. భవనం ప్రపంచ ప్రసిద్ధమైంది, నిజమే. మన ప్రాజెక్టుకు అంత ఓపిక ఉన్న పెట్టుబడిదారు దొరకడు.

2. నేలను చదవండి

మట్టి పరీక్షను అనవసరపు ఖర్చుగా చూసేవారు ఇంకా ఉన్నారు. పక్క స్థలంలో గట్టి నేల తగిలిందని మీ స్థలంలో తగలాలని లేదు. పూడ్చేసిన పాత గుంటో, కాలువో మీ వాటాకే వచ్చి ఉండవచ్చు. భవనం వచ్చే చోట రెండు మూడు బోర్లు వేయించి, ఏ లోతులో ఏ పొర ఉంది, ఎంత బరువు మోస్తుంది, భూగర్భ జలం ఎక్కడ ఉంది అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. నల్లరేగడి లాంటి ఉబ్బే మట్టి అయితే పునాది రకమే మారిపోతుంది.

వాన కురిసిన మర్నాడు ఒకసారి స్థలానికి వెళ్లండి. నీరు ఎటునుంచి వచ్చి ఎటు పోతోందో ఏ సర్వే పటం కన్నా ఆ ఒక్క గంట ఎక్కువ చెబుతుంది. హద్దురాళ్లు కొలిపించి పొరుగువారి సమక్షంలో ఫోటో తీయించండి. భూమిలో కరెంటు తీగలు, నీటి గొట్టాలు ఉన్నాయేమో సంబంధిత కార్యాలయాల్లో అడిగి తెలుసుకోండి. పొరుగు గోడల్లో ఇప్పటికే ఉన్న పగుళ్లను కూడా ఫోటో తీసి ఉంచుకోండి. తవ్వకం మొదలయ్యాక ఆ పగుళ్లన్నీ మీ ఖాతాలో పడతాయి.

3. డ్రాయింగులను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి

ఆర్కిటెక్టుది ఒకటి, స్ట్రక్చరల్ ఇంజినీరుది ఒకటి, ప్లంబింగ్‌ది, కరెంటుది, ఏసీది ఒక్కోటి. విడివిడిగా చూస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. కలిపి చూస్తే బీము మధ్య నుంచి గొట్టం పోతుంది, తలుపు తెరిస్తే స్విచ్ బోర్డు వెనక పడుతుంది. కంప్యూటర్ నమూనాతో కలిపి చూసే వీలుంటే మంచిది. లేకపోతే పారదర్శక కాగితాల మీద అచ్చు తీయించి వెలుగులో చూసినా సరిపోతుంది. ఈ పనికి వారం పడితే పట్టనివ్వండి.

ప్రతి డ్రాయింగుకూ సవరణ సంఖ్య, తేదీ ఉండాలి. కొత్తది వచ్చిన రోజే పాతది సైటు నుంచి వెనక్కి తెప్పించి, అడ్డంగా కొట్టేసి, విడిగా దాచండి. మేస్త్రీ జేబులో మడతపెట్టి ఉన్న పాత కాగితం ఎంత నష్టం చేయగలదో అనుభవిస్తే గానీ తెలియదు.

అనుమతుల గురించి ఒక్క మాట: ఏవేవి కావాలి, ఏది ఏ దశకు ముందు చేతికి రావాలి, ఎవరు తెస్తారు అన్నది పట్టికగా రాసి షెడ్యూలులో పనులతో సమానంగా చేర్చండి. నిర్మాణ అనుమతి మొదట్లో గుర్తుంటుంది. చివర్లో కావాల్సిన అగ్నిమాపక, నివాసయోగ్యత పత్రాలే మరుగున పడతాయి.

4. ఖర్చు: చదరపు లెక్క అంచనాకే, ఒప్పందానికి కాదు

విస్తీర్ణాన్ని ఒక రేటుతో హెచ్చవేస్తే వచ్చేది, ముందుకు వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి పనికొచ్చే లెక్క. అసలు అంచనా పరిమాణాల నుంచి రావాలి: ఎన్ని ఘనమీటర్ల తవ్వకం, ఎంత కాంక్రీటు, ఎన్ని టన్నుల కడ్డీ, ఎన్ని చదరపు మీటర్ల ప్లాస్టరింగ్. దానికి పైన అనుకోని ఖర్చుల కోసం 5 నుంచి 10 శాతం విడిగా పెట్టండి. పాత భవనాన్ని మార్చే పనైతే ఇంకా ఎక్కువే కావాలి, ఎందుకంటే గోడ పగలగొట్టేదాకా లోపల ఏముందో తెలియదు. ఆ మొత్తం సోకులకు కాదని మొదటే యజమానికి చెప్పండి. పాలరాయి నచ్చిందని అందులోంచి తీస్తే, నేలలో రాయి తగిలిన రోజున చేతిలో ఏమీ ఉండదు.

మొత్తం ఎంత అన్నదానితో పాటు ఏ నెలలో ఎంత కావాలో కూడా లెక్క వేయండి. ప్రాజెక్టులు ఆగిపోయేది చాలాసార్లు డబ్బు లేక కాదు, ఆ నెలలో డబ్బు లేక.

5. కాంట్రాక్టరును ఎంచుకోవడం, ఒప్పందం రాయడం

గంపగుత్త ఒప్పందంలో ధర ముందే ఖాయం. డ్రాయింగులు పక్కాగా ఉన్నప్పుడే అది మేలు. పరిమాణాలు మారే అవకాశం ఉంటే, ఒక్కో పనికి ఒక్కో రేటు రాసుకుని జరిగినంతకు కొలిచి ఇచ్చే పద్ధతి న్యాయం. కూలి మాత్రమే కాంట్రాక్టుకిచ్చి సామాను మీరే కొనాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి: ఇసుక లారీ ఆలస్యమైతే ఆరోజు కూలి నష్టం మీదే.

వచ్చిన కొటేషన్లలో అన్నిటికన్నా బాగా తక్కువ ఉన్నదాన్ని చూసి సంతోషించకండి. ఏదో ఒక పని లెక్కలోకి రాలేదన్నమాట. కూర్చోబెట్టి వరుసవరుసగా చదివించండి, ఏది వదిలేశారో వాళ్లకే తెలుస్తుంది. అప్పుడూ ధర పెరగకపోతే వాళ్లు కట్టిన భవనాలు చూడండి. కొత్తవి కాదు, మూడు నాలుగేళ్లు వానలు తిన్నవి. వాటి డాబా మీదికి ఎక్కండి, స్నానాల గది కింది కప్పు చూడండి.

ఒప్పందంలో కచ్చితంగా ఉండాల్సినవి: పని వివరణ, డ్రాయింగుల జాబితా సవరణ సంఖ్యలతో సహా, సామాను నాణ్యత, దశల వారీ చెల్లింపులు, మార్పులకు ధర కట్టే పద్ధతి, ఆలస్యానికి పరిహారం, కాంట్రాక్టరు తప్పు లేని ఆలస్యాలకు గడువు పొడిగింపు, బీమా, తగవు వస్తే ఎవరు తీర్చాలి. ప్రతి బిల్లులో 5 నుంచి 10 శాతం నిలిపి ఉంచి, కొంత అప్పగింత రోజున, మిగతాది లోపాల బాధ్యత గడువు ముగిశాక ఇవ్వడం ఆనవాయితీ. ఈ గడువు సాధారణంగా ఏడాది ఉంటుంది.

అలాగే కప్పేసే ముందు ఎవరు చూసి సంతకం పెట్టాలో రాయించండి. ‘పునాది గుంట, కడ్డీ కట్టుబడి, గోడల్లో గొట్టాలు, నీటి నిరోధక పూత: వీటిని పరిశీలించి రాతపూర్వకంగా అనుమతించేదాకా తర్వాతి పని మొదలుపెట్టరాదు. 24 గంటల ముందు కబురు చేస్తే పరిశీలకుడు రావాలి.’ చివరి వాక్యం కూడా ఉండాలి. మీరు రాకపోవడం వల్ల పని ఆగితే తప్పు మీది.

6. షెడ్యూలు వేయండి, అసలు దారి ఏదో కనిపెట్టండి

అడ్డగీతల పటం గీసి గోడకు తగిలించడం తేలిక. ఏ గీత జరిగితే ముగింపు తేదీ జరుగుతుందో చెప్పలేని పటం మాత్రం అలంకారమే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే క్రిటికల్ పాత్ పద్ధతిని 1957 ప్రాంతంలో డ్యూపాంట్ కంపెనీలో రూపొందించారు. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, ఒక చిన్న లెక్క చూపిస్తాను.

స్లాబు పోశాక కింది సపోర్టులు తీయడానికి 14 రోజులు. తర్వాత గోడల కట్టుబడి 12, గోడల్లో గొట్టాలు, వైర్ల పైపులు 6, లోపలి ప్లాస్టరింగ్ 15, ఫ్లోరింగ్ 10. మొత్తం 57 రోజులు. పక్కనే కిటికీల సంగతి: గోడలు లేచాక ఖాళీలు కొలిచి ఆర్డరు ఇస్తే (26వ రోజు), తయారీకి 30 రోజులు, బిగింపుకు 4. అంటే 60. అందరూ తాపీ మేస్త్రీల వెంట పరుగెడుతుంటే, ప్రాజెక్టును ఆపుతున్నది ఎక్కడో కార్ఖానాలో ఉన్న కిటికీ. మందు తేలిక. కిటికీ కొలతలను డ్రాయింగులోనే ఖాయం చేసి, ఆ కొలతకు చట్రాలు చేయించి గోడ కట్టేటప్పుడు అందులో నిలబెడితే, కిటికీల ఆర్డరు స్లాబు రోజునే ఇవ్వవచ్చు. మూడు రోజులు మిగిలాయి, ఒక్క కూలీని పెంచకుండా.

లిఫ్టు, ట్రాన్స్‌ఫార్మర్, అద్దాలు, ప్రత్యేకమైన రాళ్లు: ఇలా తయారీకి నెలలు పట్టేవాటి పట్టిక మొదటి వారంలోనే సిద్ధం చేయండి. ఎప్పుడు కావాలో దాని నుంచి వెనక్కి లెక్కపెట్టి, ఎప్పటికి ఎంపిక చేయాలో యజమానికి తేదీ ఇవ్వండి.

మొత్తం షెడ్యూలుతో పాటు వచ్చే మూడు వారాల పనుల పట్టిక ప్రతి వారం కొత్తగా రాయండి. ఒక్కో పని పక్కన నాలుగు ప్రశ్నలు: డ్రాయింగు ఉందా, సామాను ఉందా, మనుషులు ఉన్నారా, ముందు పని అయిందా? ఒక్కదానికి ‘లేదు’ అన్నా ఆ పని వచ్చే వారం మొదలుకాదు, పటంలో గీత ఎంత అందంగా ఉన్నా సరే. ఎంపైర్ స్టేట్ భవనం పని 1930 మార్చి 17న మొదలై 1931 మే 1 నాటికి ప్రారంభోత్సవం అయిపోయింది. నిల్వకు చోటు లేని నగరం నడిబొడ్డు. లారీ ఎప్పుడు రావాలో, ఏ అంతస్తుకు ఏది ఎక్కాలో ముందే రాసుకున్నారు. వచ్చిన సామాను వచ్చినట్టే పైకి ఎక్కేది. అంతస్తుల్లో తిప్పడానికి చిన్న పట్టాలూ తోపుడు బండ్లూ పెట్టారు. ఆ వేగం సామాను చేరవేతలో ఉంది.

7. సైటును సిద్ధం చేయడం

కంచె, గేటు, తాత్కాలిక కరెంటు, నీరు, మరుగుదొడ్లు, తాళం వేసే గది, లారీ తిరిగే జాగా. సిమెంటు బస్తాలు నేలకు తగలకుండా చెక్కల మీద, గోడకు ఒక జానెడన్నా దూరంగా, వరసకు పది బస్తాలకు మించకుండా పేర్చండి. ముందు వచ్చింది ముందు వాడండి. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్షించకుండా ముట్టుకోవద్దు.

సామాను వచ్చినప్పుడు తూచండి, కొలవండి. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మి.మీ. కడ్డీకి 0.889 కిలోలు, 12 మీటర్ల ముక్క దాదాపు 10.7 కిలోలు తూగాలి. బాగా తక్కువ తూగితే మీకు సన్నటి కడ్డీ వచ్చింది. ఇసుకలో తడి చూడండి. గాజు జాడీలో తడి ఇసుకను 200 మి.మీ. ఎత్తు దాకా వదులుగా పోసి, నీళ్లు నింపి, కలిపి వదిలేయండి. పేరుకున్నాక 160 మి.మీ.కు దిగిందంటే, మీరు ఘనపరిమాణంతో కొన్న లారీలో ఐదింట ఒక వంతు తడి తెచ్చిన ఉబ్బే. ఈ పరీక్ష చూపించాక సరఫరాదారు ధోరణి మారడం నేను చూశాను.

ముగ్గు పోసేటప్పుడు మూలలు లంబంగా ఉన్నాయో లేదో 3-4-5 లెక్కతో (మూల నుంచి ఒక వైపు 3, ఇంకో వైపు 4 మీటర్లు కొలిస్తే ఆ రెండు చివరల మధ్య 5 రావాలి) చూసి, కర్ణాలు రెండూ సమానమో కాదో కొలవండి. ఇక్కడ రెండు సెంటీమీటర్ల తేడా వస్తే అది టైల్స్ వేసే రోజు గోడ వారన వంకరగా బయటపడుతుంది.

8. స్లాబు రోజు

మిగతా పనులన్నీ రోజులు పడతాయి. స్లాబు మాత్రం ఒక్కరోజులో ముగిసి, యాభై ఏళ్లు అక్కడే ఉంటుంది. అందుకే దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

ముందురోజు మధ్యాహ్నం నుంచే నడక మొదలుపెట్టండి. సాయంత్రం వద్దు, చీకటి పడుతుంది, తప్పు కనిపించినా సరిచేసే మనిషి ఉండడు. మొదట కిందికి వెళ్లి సపోర్టులు చూడండి: నిటారుగా ఉన్నాయా, కింద చెక్క ఉందా లేక మెత్తటి మట్టి మీద నిలబెట్టారా, అడ్డ కట్లు వేశారా? తర్వాత పైకి. కడ్డీల వ్యాసం, ఎడం, అతుకుల పొడవు డ్రాయింగుతో సరిచూడండి. కింద కవర్ బ్లాకులు (కడ్డీని అచ్చు పలకకు తగలకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు) ఉన్నాయా? రాయి ముక్కలో విరిగిన టైల్ ముక్కలో పెట్టి ఉంటే తీయించండి. స్తంభాల దగ్గర, బాల్కనీల మీద పై కడ్డీలు పైనే ఉన్నాయా? బయటికి వేలాడే బాల్కనీలో ప్రధాన కడ్డీ పైన ఉండాలి. కూలీలు తొక్కితొక్కి అది కిందికి దిగితే స్లాబు ఉండి లేనట్టే. ఆ తర్వాత గొట్టాలు, వైర్ల పైపులు, ఫ్యాన్ కొక్కేలు గదివారీగా లెక్కపెట్టండి. నేను మరిచిపోయినది ఇదే కాబట్టి ఇప్పుడు ప్లంబరును, ఎలక్ట్రీషియన్‌ను పక్కన నిలబెట్టుకుని వాళ్ల వేలితోనే చూపించమంటాను. చెత్త, కోసిన తీగ ముక్కలు ఊడ్పించి, అన్నిటినీ ఫోటో తీసి, సంతకం పెట్టండి.

పోసే రోజు వైబ్రేటర్లు (కాంక్రీటును అదిరించి లోపలి గాలి పోగొట్టే యంత్రాలు) రెండు ఉండాలి. ఒకటి చెడిపోవడం ఖాయం అనుకునే ఏర్పాట్లు చేసుకోండి. వాన వస్తే కప్పడానికి పట్టాలు, మధ్యలో ఆపాల్సి వస్తే ఎక్కడ ఆపాలో ముందే ఇంజినీరు గీసి ఇచ్చిన గీత. ప్రతి బండి కాంక్రీటుకూ స్లంప్ చూడండి: 300 మి.మీ. ఎత్తున్న శంకువులో నింపి, ఎత్తేశాక ఎంత కూలిందో కొలవడం. గట్టిగా ఉంది, పారడం లేదని ఎవరో ఒకరు నీళ్ల గొట్టం పట్టుకుని వస్తారు. ఆ గొట్టాన్ని పట్టుకోవడమే ఆ రోజంతటిలో మీ ముఖ్యమైన పని. నీరు పెరిగిన కొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుంది. పలచన కావాలంటే దానికి వేరే రసాయనాలు ఉన్నాయి, మిశ్రమం రూపొందించినవారు చెప్పిన మోతాదులో వాడాలి. పరీక్ష కోసం 150 మి.మీ. క్యూబులు నింపి తేదీ, చోటు రాసి నీళ్లలో ఉంచండి. ఏడు రోజులకు సుమారు మూడింట రెండు వంతుల బలం వస్తుంది, 28వ రోజు అసలు తీర్పు.

తర్వాత నీరు పట్టడం. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంట్లకు, ఎండ వాతావరణానికి కనీసం పది రోజులు ఎడతెగకుండా తడి ఉండాలి. పొద్దున ఒకసారి చల్లి మధ్యాహ్నానికి ఆరిపోతే అది నీరు పట్టడం కాదు. గట్లు కట్టి నీరు నిలపండి, లేదా తడి గోనెలు కప్పండి. సపోర్టులు తీయడం వాడుక లెక్క ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబులకు 7 రోజులు, అంతకు మించితే 14. బీములకు 6 మీటర్ల లోపు 14, మించితే 21. చలిలో, కలిసిన సిమెంట్లతో ఇంకా ఆగాలి. 1978 ఏప్రిల్ 27న అమెరికాలోని విల్లో ఐలండ్‌లో కూలింగ్ టవర్ కడుతుండగా, ముందురోజు పోసిన కాంక్రీటుకు బలం రాకుండానే పరంజా, ఎత్తే పరికరాలు దాని మీద ఆధారపడ్డాయి. పై వరుస ఊడిపోయింది. పని చేస్తున్న 51 మంది చనిపోయారు.

9. రోజు పుస్తకం

ప్రతి రోజూ ఒక పేజీ: వాతావరణం, ఏ పనికి ఎంతమంది, వచ్చిన సామాను, జరిగిన పని ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, వచ్చిన అతిథులు, ఇచ్చిన ఆదేశాలు, ఆగిపోతే కారణం. పదిహేను నిమిషాలు పడుతుంది. ఆరు నెలల తర్వాత ఆలస్యం ఎవరిదన్న తగవు వస్తే, ఆ రోజు రాసిన అరవాక్యం ముందు ఎవరి జ్ఞాపకమూ నిలబడదు. ఆదేశాలు ఫోనులో ఇస్తే ఇచ్చారు గానీ, సాయంత్రానికి ‘ఇందాక అనుకున్నట్టు…’ అని సందేశంగా పంపండి.

10. మార్పులు

మార్పులు వస్తాయి. రావద్దని కోరుకోవడం వృథా. కాగితం లేకుండా రాకూడదని పట్టుబట్టండి. ఒక్కో మార్పుకు ఒక్కో పత్రం: ఏమిటి, ఎందుకు, ఖర్చెంత, ఎన్ని రోజులు, ఎవరు ఒప్పుకున్నారు. యజమాని సంతకం పెట్టేదాకా పాత డ్రాయింగే అమల్లో ఉంటుంది.

‘చిన్న మార్పే’ అన్న మాట వినగానే జాగ్రత్త పడండి. 1981 జులై 17న అమెరికాలో కాన్సస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో, హాలు మీదుగా వేలాడే నడక దారులు కూలి 114 మంది చనిపోయారు. మొదటి రూపకల్పనలో పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి కడ్డీ రెండు అంతస్తుల దారులను మోయాలి. తయారీకి వీలుగా ఉంటుందని దాన్ని రెండు కడ్డీలుగా విడగొట్టారు: పై దారి పైకప్పుకు, కింది దారి పై దారికి. చూడడానికి తేడా లేదు. కానీ పై దారి బిగింపు మీద తన బరువుతో పాటు కింది దారి బరువు కూడా పడింది, అంటే రెట్టింపు. ఎవరూ మళ్లీ లెక్క వేయలేదు. మోసే భాగాన్ని తాకే మార్పు ఎంత చిన్నదైనా స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క వేసి సంతకం పెట్టకుండా సైటులోకి రానివ్వకండి.

11. డబ్బు ఖర్చయిందా, పని జరిగిందా?

మొత్తం బడ్జెట్ 100 పాళ్లు అనుకోండి. ఈ నెలాఖరుకు 40 పాళ్ల పని జరగాలి. ఖాతా చూస్తే 36 ఖర్చయింది. నాలుగు మిగిలాయని సంబరపడే ముందు సైటుకు వెళ్లి కొలవండి. జరిగిన పని విలువ 30 పాళ్లే అయితే, మీరు వెనకబడ్డారు, పైగా 30 విలువ చేసే పనికి 36 పెట్టారు. ఇదే తీరున సాగితే మొత్తం 120 అవుతుంది. ఈ మూడు అంకెలూ (జరగాల్సింది, జరిగింది, ఖర్చయింది) ప్రతి నెలా పక్కపక్కన రాయండి. ఏ రెంటినే చూసినా మోసపోతారు.

బిల్లులను కొలతల పుస్తకం నుంచే చెల్లించండి, ఇద్దరూ కలిసి కొలిచి, ఇద్దరూ సంతకం పెట్టి. కాంట్రాక్టరుకు జరిగిన పని కన్నా ఎక్కువ ముందుగా ఇవ్వకండి. అలాగని జరిగిన పనికి ఇవ్వాల్సింది ఆలస్యం చేయకండి. డబ్బు అందని కాంట్రాక్టరు మంచి మేస్త్రీలను వేరే సైటుకు పంపేస్తాడు, మీ దగ్గర పని నేర్చుకునేవాళ్లు మిగులుతారు.

12. ప్రాణాలు

దీనికి విడిగా దశ లేదు, మొదటి గడ్డపార నుంచీ ఉంటుంది. నిర్మాణంలో అన్నిటికన్నా ఎక్కువమందిని చంపేది పై నుంచి పడటం. స్లాబు అంచుకు కంచె, లిఫ్టు గుంతకు అడ్డు, పరంజాకు కాలు జారని పలకలు; హెల్మెట్ వీటి తర్వాత. ఒక ఘనమీటరు మట్టి బరువు సాధారణంగా టన్నున్నరకు తక్కువ ఉండదు. మనిషి ఎత్తు కందకం పక్కన తవ్విన మట్టి కుప్ప పోసి, లోపలికి మనిషిని దింపడం చూస్తే వెంటనే పని ఆపించండి. పక్కలు వాలుగా కోయించండి లేదా పలకలతో ఆపు పెట్టించండి, నిచ్చెన వేయించండి. పని ఆపించే అధికారం మీకే కాదు, సైటులో ఎవరికైనా ఉందని మొదటి రోజే అందరి ముందూ చెప్పండి. ఎవరైనా ఆ అధికారం వాడితే కోప్పడకండి, ఒకసారి కోప్పడితే మళ్లీ ఎవరూ వాడరు.

13. కప్పేసే చివరి పనులు, అప్పగింత

ప్లాస్టరింగ్‌కు ముందు గొట్టాలకు ఒత్తిడి పరీక్ష చేయించండి: నింపి, పంపుతో ఒత్తిడి పెట్టి, మీటరు ముల్లు దిగకుండా నిలుస్తుందో లేదో చూడండి. ప్రతి గోడనూ పక్కన కొలత టేపు పెట్టి ఫోటో తీయండి. రేపు అల్మారా బిగించేవాడు డ్రిల్లు ఎక్కడ పెట్టకూడదో ఆ ఫోటో చెబుతుంది. స్నానాల గదుల్లో, డాబా మీద నీటి నిరోధక పూత వేశాక, టైల్స్‌కు ముందు, నీరు నిలిపి కనీసం 24 గంటలు ఉంచి కింది కప్పు చూడండి. 48 గంటలైతే ఇంకా మంచిది. ‘టైల్స్ మేస్త్రీలు వచ్చేశారు, కూలి పోతుంది’ అంటారు. పోనివ్వండి.

చివర్లో కుదించడానికి అందరికీ చేతికందేది పరీక్షల సమయమే. బెర్లిన్ కొత్త విమానాశ్రయం 2012 జూన్ 3న తెరుచుకోవాల్సింది. ఆహ్వానాలు వెళ్లిపోయాక, నాలుగు వారాలు కూడా లేవనగా, అగ్ని రక్షణ వ్యవస్థ పని చేయదని తేలి ఆపేశారు. అది తెరుచుకున్నది 2020 అక్టోబరు 31న. భవనం నిలబడే ఉంది, కానీ పొగను బయటికి పంపే ఏర్పాటు పని చేయలేదు. అందుకే లిఫ్టు, పంపులు, జనరేటరు, అగ్నిమాపక పరికరాలను విడివిడిగా కాదు, కలిపి పరీక్షించండి. కరెంటు తీసేసి చూడండి: జనరేటరు అందుకుందా, లిఫ్టు కింది అంతస్తుకు వచ్చి తెరుచుకుందా, అగ్నిమాపక పంపు తిరుగుతోందా?

లోపాల జాబితాకు గదికో కాగితం పెట్టుకోండి. తలుపు నుంచి మొదలుపెట్టి కుడివైపుగా గోడల వెంట తిరిగి, ఆ తర్వాత నేల, కప్పు. ప్రతి కుళాయి తిప్పండి, ప్రతి స్విచ్ వేయండి, ప్రతి కిటికీ తెరిచి మూయండి. టైల్స్ మీద నాణెంతో తట్టండి, బోలు శబ్దం వస్తే సుద్దతో గుర్తు పెట్టండి. లోపం పక్కన ఎవరు, ఎప్పటికి అని రాయండి.

తాళాలతో పాటు అందాల్సిన ఫైలు: కట్టినది కట్టినట్టు సవరించిన డ్రాయింగులు, క్యూబుల ఫలితాలు, కప్పేయకముందు తీసిన ఫోటోలు, పరికరాల వారంటీలు, నడిపే పుస్తకాలు, అనుమతి పత్రాలు, ఏ సామాను ఎవరు సరఫరా చేశారో. నాలుగైదు పెట్టెల మిగులు టైల్స్ కూడా అడగండి, ఆ రంగు మళ్లీ దొరకదు.

లోపాల బాధ్యత గడువు తీరడానికి నెల ముందు తేదీని ఇప్పుడే క్యాలెండరులో రాసుకోండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచి ఉంటాయి. ఆ రోజు డాబా కింది కప్పులు, కిటికీల మూలలు, స్తంభానికీ గోడకూ మధ్య అతుకులు చూసి, దొరికినవి రాసి, నిలిపి ఉంచిన సొమ్ము ఇచ్చే ముందు సరిచేయించండి. ఫోటోల ఫైలు వెంట తీసుకెళ్లండి. గోడలో చెమ్మ కనిపిస్తే, అక్కడ గొట్టం ఉందో లేదో పగలగొట్టకుండానే తెలుస్తుంది.